ఆర్నెల్లకోసారి... ‘ఏం చేస్తున్నావ్?’

కలిసి చదువుకున్నవాళ్లు ఆ తర్వాత ఏమయ్యారు? బ్యాచ్ కలిసినప్పుడల్లా అందరికీ ఉండే ఆసక్తే ఇది. అరవై ఏళ్ల కిందట కాకినాడ వ్యాపారులు కొందరు పది రోజులు కలిసి చదువుకున్నారు. తర్వాత వాళ్లేం చేశారో లెక్కగట్టి మరీ చూశారు హార్వర్డ్ ప్రొఫెసర్ ఒకాయన. ఆ లెక్కల్లో మన బ్యాచ్‌లన్నిటికీ పనికొచ్చే పాఠం ఒకటుంది.

సంక్రాంతి వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరులతో పాటు ‘పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం’ అన్న ఫ్లెక్సీలూ వెలుస్తాయి. టెన్త్ బ్యాచ్, ఇంటర్ బ్యాచ్, బీకాం బ్యాచ్, ఎంబీఏ బ్యాచ్... అమెరికా నుంచి వచ్చినవాళ్లు, హైదరాబాద్ నుంచి కార్లలో దిగినవాళ్లు, ఊళ్లోనే ఉండి హాలు మాట్లాడి, వంటవాళ్లను కుదిర్చి, మాస్టార్ల ఇళ్లకు వెళ్లి పిలిచి వచ్చినవాళ్లు - అందరూ ఓ చోట చేరతారు. మాస్టార్లకు శాలువాలు కప్పుతారు. ‘ఒరేయ్’ అని పిలుచుకునే హక్కు ఎన్నో ఏళ్ల తర్వాత మళ్లీ చేతికొస్తుంది.

ఆ తర్వాత అసలు కార్యక్రమం. ఒక్కొక్కరూ మైకు పట్టుకుని ‘ప్రస్తుతం నేను...’ అంటూ చెప్పుకోవాలి. ఫలానా బ్యాంకులో మేనేజర్ని. ఫలానా కంపెనీకి మూడు జిల్లాల డీలర్ని. పెద్దాడు డాలస్‌లో ఉన్నాడు. రెండో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. చప్పట్లు, ఈలలు, నవ్వులు!

అదే హాల్లో ఓ మూల నలుగురు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ ఉంటారు. ‘వాడేడిరా?’ అంటారొకరు. ‘వాడు రాడులే... రెండేళ్ల నుంచీ చెరువులు కలిసిరాలేదు, బాగా దెబ్బతిన్నాడు’ అంటారింకొకరు. అక్కడితో ఆ మాట ఆగిపోతుంది. భోజనాలకు పిలుపొస్తుంది. గ్రూపు ఫొటోలో అతని చోటు ఖాళీగా ఉండదు. పక్కవాళ్లు సర్దుకుని నిలబడతారు.

ఒక బ్యాచ్‌లో కొందరు పైకొస్తారు, కొందరు ఉన్నచోటే ఉండిపోతారు, కొందరు కింద పడతారు. ఎందుకని? తెలివితేటలా? తండ్రి ఇచ్చిన ఆస్తా? కులమా? తలరాతా? రచ్చబండ మీద ఎంతసేపైనా వాదించుకోవచ్చు. కానీ దీన్ని లెక్కగట్టి తేల్చాలనుకున్నారొకరు. అందుకోసం ప్రపంచంలో ఇన్ని ఊళ్లుండగా ఎంచుకున్నవాటిలో మన కాకినాడ ఒకటి!

హార్వర్డ్ నుంచి కాకినాడకు...

డేవిడ్ మెక్‌క్లెలండ్ అమెరికాలో పేరున్న మనస్తత్వ శాస్త్రవేత్త. 1917లో పుట్టారు. 1956 నుంచి మూడు దశాబ్దాల పాటు హార్వర్డ్‌లో పాఠాలు చెప్పారు. 1961లో ఆయన రాసిన ‘ది అచీవింగ్ సొసైటీ’ పుస్తకం పెద్ద చర్చే లేపింది. కొన్ని దేశాలు వేగంగా ఎదగడానికీ, కొన్ని వెనకబడటానికీ కారణం గనులూ, నదులూ, పెట్టుబడులూ మాత్రమే కాదనీ, మనుషుల్లో ఉండే ‘సాధించాలి’ అన్న తపన కూడా ముఖ్యమనీ ఆయన వాదన. చేసే పనిని నిన్నటికన్నా ఇవాళ ఇంకాస్త బాగా చేయాలన్న కోరికే ఆ తపన.

అంతవరకైతే అదో సిద్ధాంతం. ఆయన అక్కడ ఆగలేదు. ఈ తపన పుట్టుకతో రావాలా, చిన్నప్పుడు అమ్మ ఒళ్లోనే నేర్చుకోవాలా, లేక నలభై ఏళ్ల కొట్టు యజమానికి కూడా నేర్పొచ్చా? నేర్పొచ్చన్నది ఆయన నమ్మకం. నిరూపించాలంటే నిజమైన వ్యాపారులు కావాలి, నిజమైన ఊరు కావాలి.

అప్పటికి మన దేశంలో బిజినెస్ స్కూలు అన్న మాటే కొత్త. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లో ఎంబీఏ మొదలుపెట్టింది. అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు 1961లో పుట్టాయి. చిన్న పరిశ్రమల వాళ్లకూ, వాళ్లకు సాయం చేసే అధికారులకూ శిక్షణ ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి 1962లో హైదరాబాద్‌కు వచ్చింది. పేరు సియెట్. ఇప్పుడు యూసఫ్‌గూడలో జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా ఉన్నది అదే. మెక్‌క్లెలండ్ ఆ సంస్థతో చేతులు కలిపారు.

మరి కాకినాడే ఎందుకు? అప్పటికి కాకినాడ లక్ష దాటిన జనాభా ఉన్న జిల్లా కేంద్రం. ఓ పక్క రేవు. ఇంకో పక్క కాటన్ దొర ఆనకట్ట పుణ్యమా అని పచ్చగా పండే డెల్టా. చదువుకున్నవాళ్లకు కొదవ లేదు, చేతిలో డబ్బు ఆడేవాళ్లకూ కొదవ లేదు. అయినా ఆ డబ్బు పొలం కొనడానికీ, వడ్డీకి తిప్పడానికీ వెళ్లినంత తేలిగ్గా కొత్త పరిశ్రమలోకి వెళ్లేది కాదు. ఒక తరం పప్పుదినుసుల కొట్టు పెడితే తర్వాతి తరమూ అదే కొట్టులో కూర్చునేది. పోల్చి చూడటానికి మరో ఊరు కావాలి కదా! ఇంచుమించు అంతే ఉండే రాజమండ్రి ఉండనే ఉంది. అలా మన రెండు ఊళ్లూ హార్వర్డ్ పరిశోధనలోకి ఎక్కాయి. తమిళనాడులోని వెల్లూరు కూడా ఇందులో ఉంది.

పది రోజుల క్లాసు

1964లో మొదలైంది కథ. కాకినాడ నుంచి 52 మంది వ్యాపారులు విడతలవారీగా హైదరాబాద్ వెళ్లారు. కొట్టు వదిలి, ఇల్లు వదిలి, రోజూ కలిసే మనుషులను వదిలి దాదాపు పది రోజులు అక్కడే ఉన్నారు. ఇలా వదిలి రావడం కూడా పాఠంలో భాగమే. గల్లాపెట్టె ముందు కూర్చుని ఉన్నంతసేపూ మనిషి తన గురించి ఆలోచించుకోలేడు... ఏదో ఒక బేరం తగులుతూనే ఉంటుంది.

అక్కడ వాళ్లకు నేర్పింది లెక్కల పద్దులూ, పన్నుల చట్టాలూ కాదు. వాళ్ల చేత కథలు రాయించారు! ఓ బొమ్మ చూపిస్తారు. అందులో ఉన్న మనిషి ఏం ఆలోచిస్తున్నాడో, తర్వాత ఏం చేస్తాడో ఊహించి రాయాలి. ఒకరు ఆ బొమ్మలో మనిషి కష్టాలు తలచుకుంటున్నాడని రాస్తారు. ఇంకొకరు అదే మనిషి ఓ కొత్త యంత్రం గురించి ఆలోచిస్తున్నాడని రాస్తారు. మనం రాసిన కథలో మన బుర్ర ఎటు తిరిగి ఉందో బయటపడుతుంది. సాధించాలన్న తపన ఉన్నవాళ్లు ఎలా ఆలోచిస్తారో చెప్పి, ఆ తీరులో మళ్లీ మళ్లీ రాయిస్తారు.

మరో పాఠం... ఆట! తీర్థాల్లో రింగులు విసిరే ఆట చూశారుగా, అదే. మేకు నుంచి ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వాళ్లే నిర్ణయించుకోవాలి. కొందరు మేకు పక్కనే నిలబడి వేస్తారు. అన్నీ పడతాయి, గొప్పేం లేదు. కొందరు ఎక్కడో నిలబడి విసిరేస్తారు. పడితే అదృష్టం, పడకపోతే ‘అంత దూరం నుంచి ఎవడికి పడుతుంది’ అనుకోవచ్చు. తపన ఉన్నవాళ్లు ఈ రెండూ చేయరు. కష్టపడితే పడొచ్చు అనిపించే దూరం చూసుకుని నిలబడతారు. గురి తప్పితే ఓ అడుగు సర్దుకుంటారు. జూదగాడికీ వ్యాపారికీ తేడా ఈ ఒక్క ఆటలో తెలిసిపోతుంది. పందెం మీద పందెం కాసేవాళ్లను ‘గుండె ధైర్యం గలవాడు’ అని మెచ్చుకునే మన జిల్లాల్లో ఈ పాఠం ఎంత అవసరమో వేరే చెప్పాలా!

మన సంప్రదాయం మాటేమిటి? ఫలితం మీద ఆశ పెట్టుకోకుండా పని చేయమనే గీతకూ, గురి పెట్టుకుని కొట్టమనే ఈ పాఠానికీ పొసగుతుందా? ఆ చర్చా వచ్చింది. ‘నేనెవర్ని, నాకేం కావాలి, నేను ఉన్న తీరుకూ ఉండాలనుకున్న తీరుకూ మధ్య ఎంత దూరం ఉంది’ అని ఎవరికి వాళ్లు ఆలోచించుకోవడమూ ఈ కోర్సులో భాగమే.

చివర్లో చేతికో కాగితం. వచ్చే రెండేళ్లలో ఏం చేయబోతున్నారో అందులో రాయాలి. ‘వ్యాపారం బాగా పెంచుతాను’ అని రాస్తే కుదరదు. ఏం పెంచుతారు, ఎప్పటిలోగా, అడ్డం వచ్చేదేమిటి, దాన్నెలా దాటుతారు - అన్నీ వివరంగా ఉండాలి. ఇక్కడితో కోర్సు అయిపోయిందని బట్టలు సర్దుకోవచ్చు. కానీ పాఠం అయిపోలేదు. ఆర్నెల్లకోసారి ఓ ఫారం వస్తుంది. ‘మీరు రాసుకున్న పని ఎంతవరకు వచ్చింది?’ అని అడుగుతుంది. ఆర్నెల్లకోసారి... రెండేళ్ల పాటు!

తర్వాత ఏమైంది?

ఆ రెండేళ్లూ గడిచాక లెక్క తీశారు. శిక్షణకు వెళ్లినవాళ్లనూ, వెళ్లని వ్యాపారులనూ పక్కపక్కన పెట్టి చూశారు. మెక్‌క్లెలండ్, ఆయన సహ పరిశోధకుడు డేవిడ్ వింటర్ ఆ వివరాలన్నీ 1969లో ‘మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్’ అన్న పుస్తకంగా వేశారు.

కాకినాడ, వెల్లూరు కోర్సుల్లో చదివినవాళ్లను కలిపి చూస్తే - కోర్సుకు ముందు రెండేళ్లలో వ్యాపారంలో చెప్పుకోదగ్గ కొత్త అడుగు వేసినవాళ్లు ఐదుగురిలో ఒక్కరు కూడా లేరు. తర్వాతి రెండేళ్లలో దాదాపు సగం మంది వేశారు. శిక్షణ తీసుకోనివాళ్లలో మాత్రం ఆ సంఖ్య పెద్దగా కదల్లేదు. పావు వంతు దగ్గరే ఆగింది. పూర్తిగా కొత్త వ్యాపారం పెట్టినవాళ్లు చదివినవాళ్లలో ఐదింట ఒక వంతు దాకా ఉంటే, చదవనివాళ్లలో పదిమందికి ఒక్కరు కూడా లేరు. కొత్తగా పెట్టిన పెట్టుబడి చూసినా, కొత్తగా పనిలో పెట్టుకున్న మనుషుల్ని చూసినా చదివినవాళ్లది దాదాపు రెట్టింపు.

పది రోజుల కోర్సుకు ఇది మామూలు ఫలితం కాదు. పెట్టుబడి ఇవ్వలేదు, అప్పు ఇప్పించలేదు, లైసెన్సు ఇప్పించలేదు. అది లైసెన్సుల కాలమని గుర్తుపెట్టుకోండి. యంత్రం కావాలన్నా, సిమెంటు కావాలన్నా దరఖాస్తు పెట్టి ఎదురుచూడాల్సిన రోజుల్లో ఈ మార్పు వచ్చింది.

ఇంకో ఆశ్చర్యం కూడా ఉంది. భారతీయులు కర్మను నమ్ముతారు కాబట్టి, కులాల కట్టుబాట్లలో ఉంటారు కాబట్టి పరిశ్రమలు పెట్టలేరన్నది ఆ రోజుల్లో పాశ్చాత్య పండితులు చాలామంది చెప్పే మాట. కాకినాడ లెక్కలు దాన్ని బలపరచలేదు. మడీ ఆచారం పాటించేవాళ్లూ, కులమూ కట్టుబాట్లూ పట్టించుకునేవాళ్లూ మిగతావాళ్లకన్నా తక్కువగా మారిందేమీ లేదు. ముహూర్తం చూసుకుని కొబ్బరికాయ కొట్టినంత మాత్రాన కొత్త మిల్లు ఆగదని తేలింది!

తాళం ఎవరి మొలలో?

అయితే మిగతా సగం మంది మాటేమిటి? వాళ్లూ అదే క్లాసులో కూర్చున్నారు. అవే రింగులు విసిరారు. అదే కాగితం మీద రాసుకున్నారు. అయినా పెద్దగా ఏమీ చేయలేదు. ఎందుకు?

పరిశోధకులకు ఓ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. వ్యాపారంలో ఆఖరి మాట ఎవరి చేతిలో ఉందో వాళ్లే ఎక్కువగా మారారు. నిర్ణయం ఇంకొకరి చేతిలో ఉన్నవాళ్లలో తపన పెరిగినా పని జరగలేదు.

ఇది మనకు తెలియని సంగతేం కాదు. మన ఊళ్లలో బోర్డు మీద ‘అండ్ సన్స్’ అని ఉంటుంది. గల్లాపెట్టె తాళం మాత్రం తండ్రి మొలలోనే ఉంటుంది. కొడుకు ఎంబీఏ చదివి వస్తాడు. కొట్టుకు కంప్యూటర్ పెడదామంటాడు, పక్క జిల్లాకు సరుకు పంపుదామంటాడు. ‘ముందు పాత బాకీలు వసూలు చేసుకురా’ అంటారు నాన్నగారు. పదేళ్ల తర్వాత ఆ కుర్రాడు బ్యాచ్ మీటింగ్‌లో మైకు పట్టుకుని ‘నాన్నగారి వ్యాపారమే చూసుకుంటున్నా’ అంటాడు. అతనికి తెలివి లేక కాదు... తాళం లేక!

డెల్టాలో ఆడవాళ్ల కథ ఇంతకన్నా పెద్ద ఉదాహరణ. నరసాపురం చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్లు అల్లిన లేసు తరతరాలుగా దేశదేశాలకు వెళ్తోంది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ వాళ్లమీద ఓ పుస్తకమే రాశారు. అది 1982లో వచ్చింది. ఆవిడ చూపించిందేమిటంటే - లోకమంతా అమ్ముడయ్యే సరుకు తయారుచేస్తున్నా వాళ్లను ‘ఇంట్లో తీరిగ్గా కూర్చుని కుట్టుకునేవాళ్లు’ అనే అన్నారు తప్ప పనివాళ్లని ఎవరూ అనలేదు. ధరా, బేరమూ, లాభమూ అన్నీ ఇంకొకరి చేతిలోనే. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సరుకుకు గుర్తింపు వచ్చింది, మంచిదే. అల్లే చేతికి నిర్ణయం కూడా వస్తేనే కాకినాడ పాఠం పూర్తయినట్టు.

నిజంగా తపనేనా?

ఈ ఫలితాలను అందరూ కళ్లు మూసుకుని ఒప్పుకోలేదు. హార్వర్డ్ వాళ్లు ఏరికోరి పిలిచి, పది రోజులు కూర్చోబెట్టి, ‘మీరు సాధించగలరు’ అంటే ఎవరికి ఉత్సాహం రాదు? ఆ ఆదరణే పని చేసిందేమో! పైగా ఒక ఊళ్లో వచ్చిన మార్పు ఎన్నాళ్లు నిలుస్తుంది? పంట పోయిన ఏడాదీ, బ్యాంకు అప్పివ్వని ఏడాదీ మనిషి తపన ఒక్కటే ఏం చేస్తుంది? ఇవన్నీ సబబైన ప్రశ్నలే.

కానీ మెక్‌క్లెలండ్ రాసిన మరో మాట చూస్తే ఈ ప్రశ్నలో సగానికి జవాబు దొరుకుతుంది. పెద్దవాళ్లలో ఇలాంటి మార్పు ఎలా వస్తుందో చెబుతూ 1965లో ఆయన పన్నెండు సూత్రాలు రాశారు. వాటిలో గురి పెట్టుకోవడం, రాసుకోవడం, లెక్క చూసుకోవడం ఉన్నాయి. వాటితో పాటే నేర్పేవాళ్లు ఆప్యాయంగా ఉండాలని కూడా ఉంది. రోజువారీ గొడవల నుంచి కొన్నాళ్లు దూరంగా వెళ్లాలని ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా - మారాలనుకున్న మనిషికి తనలాగే మారాలనుకునే కొత్త బృందం ఒకటి దొరికితే ఆ మార్పు నిలుస్తుందని ఉంది.

అంటే ఏమిటి? కోర్సు ఇచ్చింది తపన ఒక్కటే కాదు... క్లాస్‌మేట్లను కూడా! కాకినాడ మెయిన్ రోడ్డులో ఎదురెదురు కొట్ల వాళ్లు అంతకుముందు పోటీదారులు. హైదరాబాద్ వెళ్లొచ్చాక సహాధ్యాయులు. వాళ్లిద్దరి దగ్గరా రాసుకున్న కాగితం ఉంది. ఇద్దరికీ ఆర్నెల్లకోసారి ఒకే ప్రశ్న వస్తుంది. ‘నువ్వనుకున్నది ఎంతవరకు వచ్చింది?’ అని ఒకరినొకరు అడుక్కునే చనువు దొరికింది. సొంత అన్నదమ్ముల మధ్య కూడా దొరకని చనువు అది.

హార్వర్డ్ ఊసే లేకుండా మన పల్లెల్లో డ్వాక్రా సంఘాలు నిలబడింది కూడా ఇలాంటి పద్ధతి మీదే. పదిమంది ఆడవాళ్లు క్రమం తప్పకుండా కూర్చుంటారు. పుస్తకంలో రాసుకుంటారు. ఎవరు ఎంత దాచారు, ఎవరు తీసుకున్న డబ్బుతో ఏం చేశారు అని మొహమాటం లేకుండా అడుగుతారు. ఎవరైనా కట్టలేకపోతే ఎందుకు కట్టలేకపోయారో కూడా ఆ పదిమందికే ముందు తెలుస్తుంది.

పాఠం ఊళ్లు తిరిగింది

కాకినాడలో మొదలైన పాఠం అక్కడే ఆగిపోలేదు. ఈ శిక్షణలో పాలుపంచుకున్న మనోహర్ నాద్కర్ణి లాంటి వాళ్ల అనుభవం తర్వాత గుజరాత్‌కు పనికొచ్చింది. అక్కడ 1970 నుంచీ కొత్తగా పరిశ్రమ పెట్టాలనుకునేవాళ్లకు శిక్షణ తరగతులు మొదలయ్యాయి. వాటి కొనసాగింపుగా 1983లో అహ్మదాబాద్‌లో ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. మన దేశంలో ‘వ్యాపారవేత్తలు పుట్టరు, తయారవుతారు’ అనే ధైర్యంతో నడిచే శిక్షణలన్నిటికీ మూలాలు వెతికితే కాకినాడ తప్పకుండా తగులుతుంది.

ఇవాళ దేశంలో బీబీఏ, ఎంబీఏ చదివే పిల్లలకు ‘కాకినాడ ఎక్స్‌పెరిమెంట్’ అన్నది బాగా తెలిసిన పాఠం. పరీక్షలో వస్తుందని బట్టీ పట్టే ప్రశ్న. లక్నోలో కూర్చున్న కుర్రాడు కూడా కాకినాడ పేరు రాసి మార్కులు తెచ్చుకుంటున్నాడు. మన ఊళ్లో మాత్రం కాకినాడ అంటే కాజా గుర్తొచ్చినంత తొందరగా ఈ సంగతి గుర్తురాదు!

ఏం అడగాలి?

కాకినాడ ఫారం అడిగింది వ్యాపారం గురించే. కానీ జీవితమంతా వ్యాపారం కాదు కదా. ఈ సంగతి కూడా క్లాస్‌మేట్ల లెక్కల్లోనే బయటపడింది.

హార్వర్డ్‌లోనే 1938లో ఇంకో పరిశోధన మొదలైంది. 268 మంది విద్యార్థులను తీసుకుని వాళ్ల ఆరోగ్యం, ఉద్యోగం, సంసారం ఎలా సాగుతున్నాయో జీవితాంతం అడుగుతూ వచ్చారు. వాళ్లలో తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఎఫ్ కెనెడీ కూడా ఉన్నారు. తర్వాత బోస్టన్ పేదవాడల కుర్రాళ్లనూ కలిపారు. ఎనభై ఏళ్లు దాటిన ఆ లెక్కలు చెప్పేదొకటే - ముసలితనంలో ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్నవాళ్లు ఎక్కువ డబ్బు సంపాదించినవాళ్లు కారు... దగ్గరి మనుషులతో మంచిగా ఉన్నవాళ్లు!

హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో 1979లో చదువు పూర్తిచేసిన క్లేటన్ క్రిస్టెన్‌సన్ తర్వాత అక్కడే ప్రొఫెసర్ అయ్యారు. 2010లో, చదువు ముగించుకుని వెళ్తున్న విద్యార్థులతో ఆయన తన బ్యాచ్ సంగతులే చెప్పారు. ఏళ్లు గడిచేకొద్దీ సమ్మేళనాలకు వచ్చేవాళ్లలో విడాకులు తీసుకున్నవాళ్లు, పిల్లలకు దూరమైనవాళ్లు, సంతోషం లేనివాళ్లు పెరుగుతూ వచ్చారట. చదువు పూర్తయిన రోజున అలా కావాలని వాళ్లలో ఏ ఒక్కరూ అనుకుని ఉండరు. ఆ బ్యాచ్‌లోనే ఉన్నారు జెఫ్రీ స్కిల్లింగ్. ఎన్రాన్ కంపెనీకి అధిపతి అయ్యారు. 2001లో ఆ కంపెనీ కుప్పకూలింది. 2006లో ఆయన మోసం కేసులో దోషిగా తేలి జైలుకెళ్లారు. క్రిస్టెన్‌సన్‌కు కాలేజీలో తెలిసిన స్కిల్లింగ్ మంచి మనిషే!

డెల్టా వాళ్లకు ఇది చదవగానే ఇంకో పేరు గుర్తొస్తుంది. భీమవరం ప్రాంతం నుంచి వెళ్లి అమెరికా ఒహాయో యూనివర్సిటీలో ఎంబీఏ చేసి వచ్చిన రామలింగరాజు 1987లో సత్యం కంప్యూటర్స్ పెట్టారు. వేలమందికి ఉద్యోగాలిచ్చారు. ఆయన కుటుంబం పెట్టిన ఫౌండేషన్ పశ్చిమగోదావరి పల్లెల్లో మంచినీటి ప్లాంట్ల లాంటి పనులెన్నో చేసింది. 2009 జనవరి 7న, లేని డబ్బును ఖాతాల్లో ఉన్నట్టు చూపించానంటూ ఆయనే లేఖ రాశారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఆయనకు ఏడేళ్ల జైలుశిక్ష వేసింది. ఆ మర్నెలే పైకోర్టు శిక్ష నిలిపి బెయిలిచ్చింది. ఎక్కడో మొదట్లో చిన్నగా ఉన్న తేడా ఏటేటా పెరిగి చేయి దాటిపోయిందన్నది ఆ లేఖ సారాంశం. అంతటి మనిషిని కూడా ఆర్నెల్లకోసారి ‘అంతా సరిగ్గానే ఉందా?’ అని చనువుగా నిలదీసేవాళ్లు ఉండటం ఎంత అవసరమో ఇలాంటి కథలు చెబుతాయి. ఆ ప్రశ్న అడగడానికి ఉద్యోగులకు భయం, బంధువులకు మొహమాటం. అడిగే హక్కు ఉన్నవాళ్లు ఒక్కరే... పక్క బెంచీలో కూర్చుని ‘ఒరేయ్’ అని పిలిచినవాళ్లు.

మీ బ్యాచ్‌కీ ఓ కాగితం

వాట్సప్ గ్రూపు లేని బ్యాచ్ ఇప్పుడు లేదు. పొద్దున్నే పూల బొమ్మలతో శుభోదయాలు, పండగలకు శుభాకాంక్షలు, పుట్టినరోజుకు కేకు బొమ్మలు... ఏడాది పొడవునా మాట్లాడుకుంటూనే ఉంటాం. అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగం. కాకినాడ బ్యాచ్ పద్ధతి తీసుకుంటే ఖర్చేమీ లేదు.

* ఈసారి కలిసినప్పుడు ప్రతి ఒక్కరూ రెండేళ్లలో చేయాలనుకున్న పని ఒక్కటి కాగితం మీద రాయండి. వ్యాపారమే కానక్కర్లేదు. అప్పు తీర్చడం కావచ్చు, తాగుడు మానడం కావచ్చు, ఆగిపోయిన చదువు పూర్తి చేయడం కావచ్చు, మాటల్లేని అన్నతో మాట్లాడటం కావచ్చు.

* దూరం సరిచూసుకోండి. మేకు పక్కనా వద్దు, ఊరవతలా వద్దు. కష్టపడితే అందేంత దూరంలో నిలబడండి.

* ఇద్దరిద్దరు జతగా ఉండండి. ఆర్నెల్లకోసారి ఒకరికొకరు ఫోన్ చేసుకుని అడగండి. గ్రూపులో కాదు, విడిగా.

* ‘ఎంతవరకు వచ్చింది’తో పాటు ‘ఎలా వచ్చింది’ అనీ అడగండి. అడ్డదారిలో వస్తున్నట్టు తోస్తే చెప్పండి. చెప్పేది మీరొక్కరే కావచ్చు.

* నిర్ణయం తన చేతిలో లేనివాళ్లను చులకన చేయకండి. వీలైతే వాళ్ల నాన్నగారితోనో, అత్తగారితోనో మీరే ఓ మాట మాట్లాడండి.

కాకినాడ లెక్కల్లో మరో సంగతి ఉంది. కొత్త మిల్లు పెట్టినవాళ్లకొక్కరికే కాదు, ఏమీ చేయలేకపోయిన సగం మందికీ ఆర్నెల్ల ఫారం వచ్చింది. గెలిచినవాళ్లను మాత్రమే అడిగి ఉంటే ఆ పుస్తకంలో సగం నిజమే ఉండేది. మన సమ్మేళనాల్లో జరుగుతున్నది అదే. మైకు పట్టుకున్నవాళ్ల కథలే వింటున్నాం. రెండేళ్లుగా చెరువులు కలిసిరానివాడు హాలుకు రాకపోవచ్చు. అతని నెంబరు మాత్రం మన ఫోన్లోనే ఉంది. ‘ఏం చేస్తున్నావ్?’ అన్న మాట అతనికే అందరికన్నా ముందు వెళ్లాలి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ వెళ్లాలి.